ఒన్స్‌మోర్ లేని చోట పద్యం

కురుక్షేత్రం నాటకానికి వెళ్ళినవాళ్ళెవరూ కృష్ణుడు ముగ్గురెందుకున్నారని అడగరు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధరంగానికి మరొకరు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలోనే వేస్తారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఒకరికి పాతికేళ్ళు, ఒకరికి అరవై దాటి ఉంటాయి. అయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. కృష్ణుడి కథ తెలుసుకోవడానికి అక్కడికి ఎవరూ రారు. తెలిసిన పద్యాన్ని ఈ గొంతు ఎలా ఎత్తుకుంటుందో, రాగాన్ని ఎంత దూరం తీసుకెళ్ళి ఎక్కడ దించుతుందో వినడానికి వస్తారు. బాగుంటే ఒన్స్‌మోర్ కొడతారు. ధర్మరాజు పక్కన నిలబడి ఉన్నా, అవతల యుద్ధం ముంచుకొస్తున్నా, కృష్ణుడు వెనక్కి వచ్చి అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు.

ఇదే పని సినిమాలో చేస్తే టికెట్ డబ్బులు వాపసు అడుగుతారు.

సంగీతమే ప్రాణమైన నాటకాన్ని సినిమాగా తీయడంలో ఉన్న చిక్కు ఈ తేడాలోనే ఉంది. పైకి చూస్తే ఇంతకంటే సులువైన పని లేదనిపిస్తుంది. కథ సిద్ధంగా ఉంది, పాటలు జనం నోళ్ళలో ఉన్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. బ్రాడ్‌వేలో ఏళ్ళ తరబడి ఆడిన ‘క్యాట్స్’ని 2019లో పెద్ద తారలతో తీసినవాళ్ళూ అలాగే లెక్క వేసుకుని ఉంటారు. ఆ సినిమా నవ్వులపాలైంది. వేదిక మీద మనుషులు పిల్లుల్లా వేషం వేసుకుని పాడితే చూసేవాళ్ళు ఆ వేషాన్ని ఒప్పుకున్నారు. కంప్యూటర్‌తో ఒళ్ళంతా బొచ్చు మొలిపించి దగ్గర నుంచి చూపిస్తే ఒప్పుకోలేకపోయారు. నాటకంలో ‘అలా అనుకుందాం’ అన్న ఒప్పందం ఒకటి ఉంటుంది. కెమెరాకు ఆ ఒప్పందం తెలియదు. దాని ముందు ఉన్నది ఉన్నట్టే పడుతుంది.

మన సంగతికొస్తే, ఈ సమస్య తెలుగు సినిమాతో పాటే పుట్టింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. నిర్మాత అర్దేషిర్ ఇరానీ, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. అది ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య వేశారు. పాటలు రాసింది ఖమ్మం ప్రాంతం వాడైన చందాల కేశవదాసు, ఆయనా నాటకాలకు పాటలు కట్టినవాడే. అంటే బొంబాయిలో కెమెరా పెట్టి, నాటకాల వాళ్ళ చేత నాటకమే ఆడించారన్నమాట. హిందీలోనూ అంతే. అమానత్ 19వ శతాబ్దంలో రాసిన ఉర్దూ సంగీత నాటకం ‘ఇంద్రసభ’ అదే 1932లో తెరకెక్కితే, అందులో దాదాపు 70 పాటలున్నాయి. మన సినిమాల్లో పాటలెందుకుంటాయని విదేశీయులు అడిగినప్పుడల్లా మనవాళ్ళు రససిద్ధాంతం దాకా వెళ్తారు గానీ, నిజానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన టాకీ నాటకాల కంపెనీ ఇంట్లో పుట్టింది, ఆ ఇంటి అలవాట్లే దానికి వచ్చాయి.

ఆ తొలి రోజుల్లో మార్పు అవసరం పెద్దగా కనపడలేదు. ప్లేబ్యాక్ లేదు. నటుడే పాడాలి, వాయిద్యగాళ్ళు కెమెరాకు కనపడకుండా ఓ పక్కన కూర్చుని వాయించాలి. పాడగలిగినవాడే నటుడు కాబట్టి తెరకు కావలసినవాళ్ళు రంగస్థలం మీదే దొరికారు. 1936లో ఒకే కథ మీద రెండు సినిమాలు పోటీపడ్డాయి: ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, ‘ద్రౌపదీ మానసంరక్షణం’. రెండోదాంట్లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ. ఈయన నాటకాల్లో రాగాలాపన మితిమీరిపోయిందని, పాట కంటే నటన ముఖ్యమని జీవితమంతా వాదించిన మనిషి. ఇవాళ ఆలోచిస్తే సినిమాకు సరిగ్గా సరిపోయే వాదన ఆయనదే. కానీ గెలిచింది మొదటి సినిమా. అందులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, వేమూరి గగ్గయ్య, కన్నాంబ, యడవల్లి సూర్యనారాయణ ఉన్నారు. జయాపజయాలకు నటనశైలి ఒక్కటే కారణమని నేననను. అయితే అప్పటి ప్రేక్షకుడికి సినిమా అంటే చవగ్గా దొరికే నాటకమే అన్నది మాత్రం దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. తనకిష్టమైన గొంతును బెజవాడ దాకా పోకుండా ఊరి టూరింగ్ టాకీసులోనే వినే వీలు దొరికింది.

అసలు చిక్కులు ఆ మోజు తీరాక బయటపడ్డాయి.

మొదటిది: నాటకం అంటే ఏది? అచ్చయిన పుస్తకమా, రాత్రి ఆడినదా? బ్రాడ్‌వే మ్యూజికల్‌కు స్వరపత్రం ఉంటుంది, హక్కుల ఒప్పందం ఉంటుంది, ఎవరు ఎక్కడ ఏ స్వరం పాడాలో కాగితం మీద ఉంటుంది. పద్యనాటకానికి పుస్తకంలో ఉండేది పద్యం మాత్రమే. ఏ రాగంలో పాడాలన్నది నటుడి ఇష్టం, హార్మోనిస్టు అతని వెంట పరుగెత్తాలి. రాగం సంగతి అలా ఉంచితే, పాఠం కూడా నిలకడగా ఉండదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్యహరిశ్చంద్రీయం’ చూడండి. కాటి సీనులో జనం ఊగిపోయే పద్యాలు చాలావరకు జాషువావి. ఆయన ‘శ్మశానవాటి’ అనే ఖండిక నుంచి నటులు తెచ్చి కలుపుకున్నవి. పుస్తకం ప్రకారం చూస్తే అవి పరాయి పద్యాలు, ప్రేక్షకుడి ప్రకారం చూస్తే అవి లేకపోతే అది హరిశ్చంద్ర నాటకమే కాదు. దీన్ని సినిమాగా తీసేవాడు ఎవరి మాట వినాలి?

‘చింతామణి’ది ఇంకా తలనొప్పి వ్యవహారం. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావ్యసనం మీద ఝళిపించిన కొరడా అది. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ హాస్యం పెరిగింది, హాస్యం బూతులోకి దిగింది, ఆఖరికి ఒక సామాజికవర్గం తమను కించపరుస్తున్నారని చేసిన ఫిర్యాదు మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది. 1956లో భానుమతి, ఎన్టీఆర్‌లతో భరణి సంస్థ దీన్ని సినిమాగా తీసింది. సెన్సారు ముందుకు వెళ్ళాల్సిన సినిమాకు ఆ రాత్రిపూట సుబ్బిశెట్టి ఎలాగూ పనికిరాడు. కాబట్టి నాటకాన్ని సినిమాగా తీశామన్నప్పుడల్లా, ఆ నాటకానికి ఉన్న ఎన్నో రూపాల్లోంచి ఒకదాన్ని ఎంచుకున్నారని, మిగతావాటిని గుమ్మం బయటే ఉంచేశారని గుర్తుంచుకోవాలి.

ఇక్కడొక తమాషా. పద్యనాటకాలు తెరకెక్కేటప్పుడు పద్యాలు రాలిపోయాయి. దాదాపు పూర్తిగా వచనంలో ఉన్న ‘కన్యాశుల్కం’ 1955లో తెరకెక్కేటప్పుడు పాటలు తగిలించుకుంది, శ్రీశ్రీ కవిత్వం కూడా పాటై వచ్చి చేరింది. అప్పటికి సినిమాకు తనదంటూ ఒక కొలత స్థిరపడిపోయింది. ఏది వచ్చినా ఆ కొలతకు కుదించడమో సాగదీయడమో తప్ప మరో దారి లేదు.

రెండో చిక్కు గొంతు. మైకులు లేని రోజుల్లో వెనక వరసకు వినపడాలంటే పై శ్రుతిలో పాడాలి. రంగస్థలం పద్యానికి ఆ గట్టితనం, ఆ సాగతీత అలా వచ్చినవే. సినిమా మైకు గొంతుకు జానెడు దూరంలో ఉంటుంది. అక్కడ అదే పద్ధతిలో పాడితే అరిచినట్టుంటుంది. ఘంటసాల చేసిన పని గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఆయన పద్యానికి ఆలాపన తగ్గించారు, మాట స్పష్టంగా వినిపించారు, రాగాన్ని పాత్ర మనస్థితికి కట్టేశారు. పద్యం నాలుగు పాదాలూ పూర్తికాగానే రెండు మూడు సంగతులతో ముగించి కథకు దారి ఇచ్చేశారు. పాత నాటకాల అభిమానులు కొందరికి అది పద్యాన్ని పొట్టి చేసినట్టు తోచి ఉండవచ్చు. నా మటుకు నాకు, తెలుగు పద్యం మరో రెండు తరాల పాటు మామూలు జనం నోట్లో నానడానికి ఆ పొట్టితనమే కారణమనిపిస్తుంది.

ప్లేబ్యాక్ వచ్చాక ఒకరి కళ ఇద్దరి మధ్య పంపకమైంది. దీనికి ‘మీరజాలగలడా నా యానతి’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ముత్తరాజు సుబ్బారావు రాసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా స్థానం నరసింహారావు పాడిన పాట అది, సాహిత్యమూ ఆయనదే. వ్రతం మహిమతో భర్త తన చెప్పుచేతల్లో ఉంటాడని సత్య మురిసిపోతూ పాడేది. స్థానం ఒక్క పల్లవినే మళ్ళీ మళ్ళీ తీసుకుని, ఒకసారి గర్వం, ఒకసారి గోము, ఒకసారి ధీమా, ఇలా ఒక్కో ఆవృత్తానికి ఒక్కో అర్థం అభినయించేవారని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. పాడేదీ ఆడేదీ ఒక్క మనిషే కాబట్టి, ఏ క్షణాన ఏ అర్థం తోస్తే గొంతు, కనుబొమ, చేయి అన్నీ కలిసి అటు తిరుగుతాయి. 1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన సినిమాలో అదే పాట సుశీల పాడారు, జమున అభినయించారు. ఇద్దరూ ఇద్దరే, ఆ పాట ఇవాళ్టికీ నిలిచిందంటే వాళ్ళ పుణ్యమే. కాని జమున చేతికి వచ్చేసరికి పాట స్టూడియోలో ముగిసిపోయి ఉంది. ఏ మాట ఎంతసేపు, ఎక్కడ విరుపు అన్నది ముందే ఖరారైంది. ఆమె ఆ విరుపుల్లోకి అభినయాన్ని ఒదిగించాలి. స్థానానికి పాట అప్పటికప్పుడు పుట్టేది, జమునకు సిద్ధంగా అందింది. అందులోనూ ఆమె తనదైన పొగరు నిలుపుకోవడం మామూలు విషయం కాదు.

మరో సంగతి కూడా ఉంది. స్థానం మగవాడు. వేదిక మీద పది గజాల దూరం నుంచి ఆయన సత్యభామే. క్లోజప్‌లో మగవాణ్ణి సత్యభామ అని నమ్మించడం వేరే సంగతి. స్త్రీ పాత్రల్ని మగవాళ్ళు వేసే సంప్రదాయానికి సినిమా పెట్టిన గడువు అది. 1885లో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళు ఎన్నడో వేదికెక్కారు కాబట్టి, తొలి టాకీకి నాయిక ఆ ఇంటి నుంచే రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ గొంతు సమస్య మన ఒక్కళ్ళదే కాదు. 1964 నాటి ‘మై ఫెయిర్ లేడీ’ చిత్రీకరణలో జరిగింది వింటే నవ్వొస్తుంది. నాటకంలో నాయికగా పేరు తెచ్చుకున్న జూలీ ఆండ్రూస్‌ను కాదని సినిమాకు ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు, ఆమె పాటల్లో చాలా భాగం మార్నీ నిక్సన్ గొంతుతో నింపారు. ఇదంతా మనకు అలవాటైన పద్ధతే. నాయకుడు రెక్స్ హారిసన్ మాత్రం మొండికేశాడు. ఆయన పాట సగం మాట, సగం రాగం. ఏ రోజూ ఒకేలా అననని, ముందే రికార్డు చేసినదానికి పెదవులు కలపడం తన వల్ల కాదని పట్టుబట్టాడు. చివరికి ఆయన మెడకు కట్టుకునే టైలో వైర్‌లెస్ మైకు దాచి, సెట్లోనే పాడించి రికార్డు చేశారు. ఒకే సన్నివేశంలో నాయికది స్టూడియో గొంతు, నాయకుడిది అప్పటికప్పుడు పలికిన గొంతు. మన హార్మోనిస్టు బాధ ఏమిటో ఆ ఆర్కెస్ట్రా వాళ్ళకు ఆ సినిమాతో తెలిసి ఉంటుంది. 2012లో ‘లే మిజెరాబ్ల్’ తీసినప్పుడు అందరి చేతా అలాగే సెట్లో పాడించారు. చెవిలో పెట్టిన చిన్న పరికరంలో పియానో వినపడుతుంటే నటులు తమ ఇష్టమొచ్చిన వేగంతో పాడారు, వాద్యబృందం సంగీతాన్ని తర్వాత చేర్చారు. యాన్ హాథవే ఏడుస్తూ పాడిన పాటలో గొంతు జీరపోతుంది, శ్రుతి ఊగుతుంది. సంగీతం తెలిసినవాళ్ళు పెదవి విరిచారు, ఆమెకు ఆస్కార్ వచ్చింది. వేదిక మీద తప్పు అనిపించే జీర క్లోజప్‌లో నిజం అనిపిస్తుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: పాత్ర ఎందుకు పాడుతోంది, ఎవరికోసం పాడుతోంది? నాటకంలో ఈ ప్రశ్న తలెత్తదు. ఎదురుగా జనం ఉన్నారు, వాళ్ళ కోసం. తెర మీద ఆ జనాన్ని తీసేస్తే పాటకు గమ్యం ఉండదు. తెలివైన దర్శకులు గమ్యం కొత్తగా కల్పించారు. 1972లో బాబ్ ఫాసీ ‘క్యాబరే’ తీసేటప్పుడు, ఇళ్ళల్లో వీధుల్లో పాత్రలు పాడుకునే పాటల్ని దాదాపుగా తీసిపారేసి, క్లబ్బు వేదిక మీద పాడేవాటినే ఉంచాడు. క్లబ్బు బయట నోరు విప్పి పాడేది ఒక్కచోటే, ఆరుబయట జనం మధ్య ఒక నాజీ కుర్రాడు ఎత్తుకునే పాట. మిగతా సినిమాలో ఎవరూ అలా పాడరు కాబట్టే అది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 1965 నాటి ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో మార్పు చిన్నది, ఫలితం పెద్దది. నాటకంలో మరియా తన మఠాధిపతితో కలిసి పాడే ‘మై ఫేవరెట్ థింగ్స్’ను, సినిమాలో ఉరుముల రాత్రి భయపడ్డ పిల్లల దగ్గరికి మార్చారు. ఇప్పుడు ఆ పాటకు పని దొరికింది, పిల్లల భయం పోగొట్టాలి. పాట అదే, స్వరం అదే, వినేవాళ్ళు మారారు.

ఈ లెక్కన చూస్తే రాయబారం పద్యాలు తెర మీద ఎందుకు బతికాయో అర్థమవుతుంది. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల్లో కృష్ణుడు కౌరవసభలో నిలబడి దుర్యోధనుడితో అనే ఉత్పలమాల తీసుకోండి:

చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్
తొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధి సేయ, నీ
పిల్లలు పాపలున్ ప్రజలు పెంపు వహింపగ బొందు సేసెదో
యెల్లి రణంబె గూర్చెదవొ యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా!

ఇందులో వర్ణన లేదు, ఉపమానం లేదు. మొదటి పాదంలో జరిగిపోయిన అన్యాయం. రెండోపాదంలో దాన్ని పక్కన పెట్టి వచ్చిన పని. మూడోపాదంలో పిల్లాపాపల పేరెత్తి ఒక మెత్తటి ఆశ. నాలుగోపాదంలో రేపే యుద్ధం అన్న బెదిరింపు, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్న నిలదీత. మామూలు వాడుక మాటకు అరచేతి దూరంలో ఉంది. పద్యం ముగిసేసరికి ప్రశ్న దుర్యోధనుడి ముందు ఉంటుంది, కెమెరా సహజంగానే అతని ముఖం వైపు తిరగాలనిపిస్తుంది. వినేవాడు కథలోనే ఉన్నాడు. ప్రేక్షకుడు పక్కన కూర్చుని వింటే చాలు. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’లో ఈ పద్యమూ, ‘జెండాపై కపిరాజు’, ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ లాంటివీ ఘంటసాల గొంతుతో అలా కుదిరాయి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అనే కుశలప్రశ్నల పద్యంలోనూ అంతే, ప్రతి పాదానికీ ఒక జవాబు రావాలి. దీనికి భిన్నంగా, పాత్ర ఒంటరిగా నిలబడి చంద్రోదయాన్నో, తన విరహాన్నో నాలుగు పద్యాల్లో వర్ణించుకునే ఘట్టాలు నాటకాల్లో బోలెడున్నాయి. వేదిక మీద రాగానికి అవే పెద్ద అవకాశాలు. సినిమా వాటిని తీసేసింది, లేదా యుగళగీతంగా మార్చుకుంది.

దీనికొక కొసమెరుపు కూడా ఉంది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లోనూ తిరుపతి వెంకట కవుల పద్యాలున్నాయి. కానీ ఆ సినిమా పేరు చెప్పగానే జనం నోట వచ్చేది పద్యం కాదు, కొండవీటి వెంకటకవి రాసిన ‘ఏమంటివి? ఏమంటివి?’ అనే వచనం. ఎన్టీఆర్ దాన్ని చెప్పిన తీరు గమనించండి. ఎత్తుగడ ఉంది, ఊపిరి తీసుకునే చోటు ఉంది, చప్పట్లకు ఖాళీ ఉంది. థియేటర్లో ఒన్స్‌మోర్ అడిగే వీలు లేదు గనక మళ్ళీ టికెట్ కొనుక్కుని వెళ్ళి విన్నారు, తర్వాత క్యాసెట్లలో వినీ వినీ అప్పజెప్పారు. రాగాన్ని వదిలించుకున్న పద్యం వచనంలో దూరి, నాటకంలో తాను చేసే పనంతా అక్కడ చేసింది. పద్యనాటకానికి తెలుగు సినిమాలో అసలైన వారసత్వం పౌరాణిక పద్యం కాదు, పెద్ద డైలాగు అని నా వాదన. ఆ వరస ఇవాళ్టి మాస్ సినిమాల దాకా సాగుతూనే ఉంది.

తెరకు ఎక్కించడం వేరు, తెర మీద భద్రపరచడం వేరు. ఈ రెండో దారిలో అమెరికావాళ్ళు ఈ మధ్య ‘హామిల్టన్’ విషయంలో మంచి పని చేశారు. 2016లో న్యూయార్క్ రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్లో నాటకం ఆడుతుండగానే కెమెరాలు పెట్టి తీసి, 2020లో ఓటీటీలో విడుదల చేశారు. సెట్లు, అవుట్‌డోర్లు ఏమీ లేవు, చప్పట్లు మాత్రం ఉన్నాయి. చాలామంది ఇదే హాయిగా ఉందన్నారు.

మనకు ఆ పని పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. తిరునాళ్ళలో ఆడిన పద్యనాటకాలు యూట్యూబ్‌లో గంటలకు గంటలు దొరుకుతాయి. ఒకే కెమెరా, ఒకే కోణం, మైకు కీచుమనడం, పద్యం మధ్యలో ఫలానావారు నూటపదహార్లు చదివించారని ప్రకటన. సినిమా తీసినవాడు మొట్టమొదట కత్తిరించేవి ఇవే. అయితే కృష్ణుడు రాగం సాగదీస్తున్నప్పుడు ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్ళు ఏంచేస్తున్నారో ఆ వీడియోల్లోనే వినపడుతుంది. ఎక్కడ ‘ఆహా’ అన్నారో, ఎక్కడ ఈల వేశారో, ఎక్కడ విసుగొచ్చి మాటల్లో పడ్డారో అంతా ఉంటుంది. పద్యనాటకాన్ని సినిమాగా తీయాలని ఇప్పుడెవరైనా అనుకుంటే, అచ్చు పుస్తకం కంటే ముందు ఆ వీడియోలు పెట్టుకుని, ఒన్స్‌మోర్ పడిన చోటల్లా గుర్తు వేసుకోవడం మంచిది. ఆ చోట్లే తెర మీద అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి.